కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ మార్చేముందు: ప్రొద్దుటూరు నుంచి పులివెందుల దాకా ఒక సమీక్ష

ప్రొద్దుటూరు పత్తి జిన్నింగ్ మిల్లులోనైనా, ఎర్రగుంట్ల–జమ్మలమడుగు వైపు నాపరాళ్లు పాలిష్ పట్టే షెడ్డులోనైనా యంత్రం ఆగిందంటే అందరి చూపూ ముందు మోటారు మీదికే పోతుంది. వైండింగ్ కాలిందా, బేరింగ్ పట్టేసిందా అని వెతుకుతారు. మోటారు బాగానే ఉందని తేలాక ప్యానెల్ బోర్డు తలుపు తెరుస్తారు. అప్పుడు కనిపిస్తుంది, అరచేతిలో పట్టేంత ఇనుప కోరు, నల్లబడ్డ వైండింగు, వార్నిష్ కాలిన వాసన. అదే కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్. కొత్తది తెచ్చి బిగించడం గంట పని. అలా బిగించింది కొద్దివారాలకే మళ్లీ కాలిపోవడం కూడా ఈ రంగంలో మామూలే.

దీన్ని ఎలా మార్చాలన్న దానిమీద మూడు అభిప్రాయాలు వాడుకలో ఉన్నాయి. పాతదానిమీద ఏం రాసి ఉందో అచ్చం అదే తెచ్చి పెట్టాలన్నది మొదటిది. ఈసారి రెట్టింపు సైజుది వేస్తే బాధ తప్పుతుందన్నది రెండోది. అసలది అనవసరం, తీసేసి ఫేజు–న్యూట్రల్ నుంచే కాయిల్‌కు కరెంటు ఇవ్వాలన్నది మూడోది. మొదటి రెండింటిలో కొంత నిజముంది. మూడోది ప్రమాదం. ఈ మూడూ వదిలేసే ప్రశ్న మరొకటుంది: పాతది ఎందుకు కాలింది? కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ తనంత తాను కాలిపోవడం అరుదు. దాని తర్వాత ఉన్న సర్క్యూట్‌లో ఏదో దాన్ని కాలుస్తుంది. ఆ కారణం వెతక్కుండా చేసే మార్పిడి సగం పనే అవుతుంది.

ముందుగా దాని పనేమిటో చూద్దాం. మోటారుకు వచ్చే 415 వోల్టుల్లో రెండు ఫేజుల నుంచి తీసుకుని 110 వోల్టులో, 230 వోల్టులో, కొన్నిచోట్ల 24 వోల్టులో ఇస్తుంది. కాంటాక్టర్ కాయిల్, స్టార్ట్–స్టాప్ బటన్లు, టైమర్, ఇండికేటర్ బల్బులు ఆ కరెంటుతో నడుస్తాయి. వోల్టేజీ తగ్గించడం పైకి కనిపించే పని. కనిపించనివి రెండున్నాయి. కంట్రోల్ వైర్లను మెయిన్ లైను నుంచి పూర్తిగా విడదీస్తుంది, రెండు వైండింగుల మధ్య ఉండేది అయస్కాంత బంధమే తప్ప రాగి బంధం కాదు. షార్టు జరిగినప్పుడు ప్రవహించే కరెంటును తన సొంత ఇంపీడెన్స్‌తో అదుపులో ఉంచుతుంది కూడా. మెయిన్ లైనులో షార్టయితే వేల యాంపియర్లు పారవచ్చు. 100 వోల్ట్–యాంపియర్ల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ వెనక అది పది యాంపియర్ల చుట్టుపక్కలే ఉంటుంది. సన్నని కంట్రోల్ వైర్లనూ, బటన్ నొక్కే మనిషి వేళ్లనూ కాపాడేది ఈ గుణమే.

పాతది ఎందుకు కాలిందన్న ప్రశ్నకు కడప జిల్లాలో స్థానికమైన ముఖం ఒకటుంది: దుమ్ము. ప్రొద్దుటూరు మిల్లుల్లో గాలినిండా పత్తి నూగు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు కోత మిషన్ల దగ్గర రాతిపొడి, నీళ్లతో కలిసిన బురద. ఎర్రగుంట్ల, మైలవరం మండలాల సిమెంటు ఫ్యాక్టరీల చుట్టూ సున్నపురాతి ధూళి. ముద్దనూరు దగ్గరున్న రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రంలో 1994 నుంచీ బొగ్గు కదులుతూనే ఉంది. ఐదు 210 మెగావాట్ల యూనిట్లకు తోడు ఇప్పుడు 600 మెగావాట్ల యూనిట్ కూడా ఉంది. పులివెందుల దగ్గర తుమ్మలపల్లె యురేనియం గనిలో ఖనిజం కన్వేయర్ బెల్టు మీద పైకొస్తుంది. ఇన్నిచోట్ల మోటారు ప్యానెళ్లు దుమ్ములోనే బతకాలి.

దుమ్ముకూ ట్రాన్స్‌ఫార్మర్ కాలడానికీ ఉన్న లంకె చాలామంది పట్టించుకోనిది. అందుకే దీన్ని కాస్త విడమరిచి చెప్పాలి. ఏ.సి. కాంటాక్టర్ కాయిల్‌కు కరెంటు ఇవ్వగానే కదిలే కోరు ఇంకా దూరంగా ఉంటుంది. మధ్యలో గాలి సందు ఉన్నందువల్ల ఇండక్టెన్స్ తక్కువ, కాబట్టి కాయిల్ ఎక్కువ కరెంటు గుంజుతుంది. కోరు వచ్చి అతుక్కోగానే ఇండక్టెన్స్ పెరిగి కరెంటు దాదాపు పదో వంతుకు పడిపోతుంది. మామూలుగా వాడే చిన్న కాంటాక్టర్ లాగేటప్పుడు సుమారు 70 వోల్ట్–యాంపియర్లు, పట్టుకుని ఉన్నప్పుడు 7 మాత్రమే తీసుకుంటుంది. లాగే ఆ క్షణం సెకనులో చిన్న భాగం, అంతసేపైతే కాయిల్ ఓర్చుకుంటుంది. ఇప్పుడు కోరు మొహాల మధ్య పత్తి నూగో, తేమకు గట్టిపడ్డ సిమెంటు పొరో చేరిందనుకోండి. కోరు పూర్తిగా అతుక్కోదు. గరగరమని మోత మొదలవుతుంది. కాయిల్ పెద్ద కరెంటు గుంజుతూనే ఉంటుంది. ముందు కాయిల్ వేడెక్కి లోపలి చుట్లు షార్టవుతాయి, ఆ భారమంతా ట్రాన్స్‌ఫార్మర్ మీద పడుతుంది. కోరు మొహం మీదుండే షేడింగ్ రింగ్ విరిగినా ఇదే జరుగుతుంది. లైను వోల్టేజీ పడిపోయినా ఇదే.

కాబట్టి కాలిన ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే గరగరలాడే కాంటాక్టర్ ఉంటే దాన్ని విప్పి, కోరు మొహాలు పొడిగుడ్డతో తుడిచి, కాయిల్ రెసిస్టెన్స్ కొలిచి చూడకుండా కొత్తది బిగించకూడదు. అవే కాంటాక్టర్లు రెండు మూడు ఉంటే కాయిళ్ల రెసిస్టెన్స్ పోల్చి చూడాలి. మిగతావాటికంటే బాగా తక్కువ చూపించిన కాయిల్‌లో చుట్లు షార్టయి ఉంటాయి. ప్యానెల్ తలుపు రబ్బరు పట్టీ చినిగిపోయి ఉంటే అదీ ఇదే ఖర్చులో మార్చాలి. వంద రూపాయల పట్టీకి వెనకాడి వేల రూపాయల ఉత్పత్తి పోగొట్టుకోవడం లెక్క కాదు.

రెండో కారణం ఫ్యూజు. 100 వోల్ట్–యాంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ 110 వోల్టుల సెకండరీలో పూర్తి లోడు కరెంటు 0.9 యాంపియరు మాత్రమే. దానికి 1 యాంపియర్ ఫ్యూజు సరిపోతుంది. అక్కడ 6 యాంపియర్ల ఎం.సి.బి. పెట్టే అలవాటు విస్తారంగా ఉంది. దుకాణంలో సులువుగా దొరికేది అదే కాబట్టి. కానీ ఆ ట్రాన్స్‌ఫార్మర్ షార్టులో ఇవ్వగలిగేదే 9 యాంపియర్ల దరిదాపు. సి తరగతి 6 యాంపియర్ల ఎం.సి.బి. వెంటనే పడిపోవాలంటే 30 నుంచి 60 యాంపియర్లు కావాలి. తొమ్మిది యాంపియర్లకు అది వేడెక్కి పడడానికి నిమిషాలు పడుతుంది. ఈలోగా ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతుంది. రాగి తీగ పోగు చుట్టిన ఫ్యూజు సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ప్రైమరీ వైపు కథ మరోలా ఉంటుంది. అక్కడ పూర్తి లోడు కరెంటు 0.24 యాంపియరే అయినా స్విచ్ వేసిన క్షణంలో కోరు అయస్కాంతీకరణకు పదిరెట్లకు పైగా కరెంటు గుంజుతుంది. మరీ బిగువైన ఫ్యూజు పెడితే ఏ తప్పూ లేకుండానే పోతుంది, విసిగిపోయిన ఎలక్ట్రీషియన్ పెద్దది వేస్తాడు. ఆలస్యంగా కరిగే రకం ఫ్యూజు 1 యాంపియరుది వేస్తే ఆ గొడవ ఉండదు.

ఇక వోల్టేజీ ట్యాపులు. మన కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్లలో చాలావాటికి ప్రైమరీ వైపు 380, 400, 415, 440 అని ట్యాపులుంటాయి. తొందరలో 380 ట్యాపుకు కలిపితే 415 వోల్టుల లైనులో సెకండరీ 110 బదులు 120 దాటుతుంది. రాత్రిపూట లోడు తగ్గి లైను 440కి చేరితే 127. కాంటాక్టర్ కాయిళ్లు రేటింగులో 85 నుంచి 110 శాతం దాకా పనిచేసేలా తయారవుతాయి. 110 వోల్టుల కాయిల్‌కు గరిష్ఠం 121 అన్నమాట. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు లోడు తక్కువున్నప్పుడు మామూలుగానే రాసినదానికంటే కొన్ని వోల్టులు ఎక్కువిస్తాయి. లో టెన్షన్ సరఫరాలో ఆరు శాతం అటూ ఇటూ తేడాను పాత విద్యుత్ నియమాలే ఒప్పుకున్నాయి. 415కు అది 390 నుంచి 440 దాకా. ఊరి చివరి ఫీడరు మీదున్న షెడ్డుల్లో తేడా ఇంకా ఎక్కువుంటుంది. కాబట్టి ట్యాపు ఎంచుకునేముందు పగలూ రాత్రీ లైను వోల్టేజీ కొలిచి చూడాలి. పాతదాని ట్యాపునే కొత్తదానికి కలిపేయడం సరిపోదు, పాతది కాలడానికి ఆ ట్యాపే కారణమై ఉండొచ్చు.

విదేశీ సెకండ్‌హ్యాండ్ మిషన్లు కొన్నవాళ్లకు ఇంకో చిక్కు. 60 హెర్ట్జ్ మీద 380 వోల్టులకు చేసిన ట్రాన్స్‌ఫార్మర్‌ను మన 50 హెర్ట్జ్, 415 వోల్టుల మీద పెడితే కోరులో ఫ్లక్స్ దాదాపు 31 శాతం పెరుగుతుంది. కోరు సంతృప్తమై, లోడు లేకుండానే కాలుతుంది. అదే అమెరికన్ 480 వోల్టుల, 60 హెర్ట్జ్ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఫ్లక్స్ పెరిగేది నాలుగు శాతమే. 120 రావాల్సిన చోట 104 వోల్టులొస్తాయి. దానితో వచ్చిన 60 హెర్ట్జ్ కాయిళ్లకు 50 హెర్ట్జ్ మీద అది సరిపోతుంది. వోల్టులను హెర్ట్జ్‌తో భాగిస్తే చాలు, ఏది బతుకుతుందో తెలిసిపోతుంది. ఈ చిన్న భాగహారం మన ఐ.టి.ఐ.లలో గట్టిగా నేర్పితే బాగుండునని నాకు చాలా కాలంగా అనిపిస్తోంది.

సైజు దగ్గరకొద్దాం. స్టార్–డెల్టా స్టార్టర్‌తో నడిచే 75 హార్స్‌పవర్ మోటారు తీసుకోండి. లైను కరెంటు సుమారు 100 యాంపియర్లు. మెయిన్, డెల్టా కాంటాక్టర్ల మీద పడేది అందులో 58 శాతం, కాబట్టి 65 యాంపియర్ల తరగతివి వేస్తారు. ఆ తరగతి కాయిల్ పట్టుకున్నప్పుడు సుమారు 20, లాగేటప్పుడు 200 వోల్ట్–యాంపియర్ల దాకా తీసుకుంటుంది. మోటారు నడుస్తున్నప్పుడు రెండు కాయిళ్లు 40, టైమరు, బల్బులు కలిపి 15, మొత్తం 55. ఇది చూసి 63 వోల్ట్–యాంపియర్లది చాలనుకుంటే పొరపాటు. స్టార్ విడిచి డెల్టా పడే క్షణంలో మెయిన్ పట్టుకుని ఉండగానే డెల్టా లాగుతుంది: 20, 200, 15 కలిస్తే 235. ఆ క్షణంలో సెకండరీ వోల్టేజీ బాగా పడిపోతే డెల్టా సరిగ్గా పడదు, మెయిన్ కూడా గరగరలాడుతుంది. తయారీదారులు ఇచ్చే పట్టికల్లో ఏ సైజు ఎంత క్షణికభారం మోస్తూ 85, 90, 95 శాతం వోల్టేజీ నిలుపుతుందో వేర్వేరు నిలువుగడుల్లో ఉంటుంది. లైను నికరంగా ఉండే పట్నాల్లో 90 శాతం గడి చూడొచ్చు. మన పల్లె ఫీడర్ల మీద 95 శాతం గడి చూడడమే న్యాయం. ఈ ఉదాహరణకు 150 వోల్ట్–యాంపియర్లు సుఖంగా ఉంటుంది.

అంటే రెట్టింపు వేయమనే వాళ్ల మాటలో పస ఉందన్నమాట. కాంటాక్టర్లు మార్చి పెద్దవి వేసినచోట, కొత్త బల్బులూ రిలేలూ చేర్చినచోట పాత సైజే తెచ్చిపెట్టడం తప్పు. అయితే కారణం కనుక్కోకుండా సైజు పెంచితే చెడిపోయిన కాయిల్‌కు ఇంకాస్త కరెంటు అందించినట్టే, ఈసారి వైర్లు కూడా కాలతాయి. సైజు పెంచితే రెండు వైపులా ఫ్యూజు లెక్క కూడా మళ్లీ చేయాలి.

వేడిని కూడా లెక్కలో వేసుకోవాలి. ఇవి సాధారణంగా 40 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతకు తయారవుతాయి. మే నెలలో ప్రొద్దుటూరు ఎండే 40 దాటుతుంది, ఇక రేకుల షెడ్డులో, మూసిన ఇనుప డబ్బాలో ఎంతుంటుందో ఊహించండి. ఇన్సులేషన్ ఓర్చుకునే హద్దు దాటాక ప్రతి 8–10 డిగ్రీలకు దాని ఆయుష్షు సగమవుతుందన్నది ఇంజినీర్లు చాలా దశాబ్దాలుగా వాడుతున్న సూత్రం. 130 డిగ్రీల బి తరగతి బదులు 155 డిగ్రీల ఎఫ్ తరగతిది కొనడం, ప్యానెల్‌లో పైభాగాన కాక గాలి ఆడేచోట బిగించడం చౌకైన మందులు.

ట్రాన్స్‌ఫార్మరే వద్దనే వాదన సంగతి. 110 వోల్టుల కాయిల్ తీసి 230 వోల్టులది వేసి, ఒక ఫేజు, న్యూట్రల్ కలిపేస్తారు. ఆరోజుకు మిల్లు నడుస్తుంది, డబ్బు మిగులుతుంది. కానీ షార్టు కరెంటుకు ఉన్న ఆనకట్ట పోయింది. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే కాయిల్ మీద 230 కాక, మిగతా లోడును బట్టి 415 దిశగా ఎంతైనా రావచ్చు. యంత్రాల విద్యుత్ భద్రతకు ప్రపంచమంతా వాడే ఐ.ఇ.సి. 60204–1 ప్రమాణం ఏ.సి. కంట్రోల్ సర్క్యూట్లకు ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలనే చెబుతుంది. ఒకే మోటారు స్టార్టరు, ఒకటి రెండు బటన్లు మాత్రమే ఉండే చిన్న యంత్రాలకే మినహాయింపు ఇస్తుంది. జిన్నింగ్ వరసో, కన్వేయరో ఆ మినహాయింపు కిందికి రావు.

అన్నింటికంటే ముఖ్యమనుకున్నదాన్ని ఇక్కడ దాకా ఆపాను: సెకండరీ ఎర్త్. సెకండరీ ఒక కొసను ఎర్త్‌కు కలపాలి. కాయిళ్ల ఒక కొసలన్నీ నేరుగా ఆ ఎర్త్ కొసకే రావాలి. స్టార్ట్, స్టాప్, ఎమర్జెన్సీ స్విచ్‌లన్నీ రెండో కొస వైపు ఉండాలి. ఇలా ఉంటే బటన్ వైరు ఎక్కడ ఒరుసుకుని బాడీకి తగిలినా ఫ్యూజు పోతుంది, మోటారు ఆగుతుంది. ఎర్త్ కలపకుండా వదిలేస్తే ఏమవుతుంది? మొదటి వైరు బాడీకి తగిలినప్పుడు ఏమీ కాదు. ఎవరికీ తెలియదు, యంత్రం నడుస్తూనే ఉంటుంది. నెలల తర్వాత స్టాప్ బటన్ అవతల ఇంకో వైరు తగులుతుంది. ఆ రెండు తగులుళ్ల మధ్య యంత్రం ఇనుప బాడీయే తీగ అవుతుంది. స్టాప్ బటన్ నొక్కినా మోటారు ఆగదు. లేదా ఎవరూ నొక్కకుండానే మొదలవుతుంది. ఎర్త్‌ను తప్పు కొసకు, అంటే స్విచ్‌లున్న వైపుకు ఇస్తే ఇంకా ఘోరం. రెండో తప్పు దాకా ఆగక్కర్లేదు, కాయిల్‌కూ బటన్‌కూ మధ్య వైరు ఒక్కటి బాడీకి తగిలితే చాలు.

జిన్నింగ్ మిషన్ రోలర్ల దగ్గర చెయ్యి పెట్టి ఇరుక్కున్న పత్తి తీసే మనిషికి, బెల్టు పక్కన తాడు స్విచ్‌ను నమ్ముకుని నడిచే మనిషికి ఈ ఒక్క తీగ ప్రాణం. మార్పిడిలో పోయేది కూడా ఇదే. చాలా ప్యానెళ్లలో ఎర్త్ లింకు పాత ట్రాన్స్‌ఫార్మర్ టెర్మినల్ మీదే, దాని పాదం స్క్రూకు కలిపి ఉంటుంది. పాతది విప్పినప్పుడు ఆ చిన్న ముక్క కూడా పోతుంది. కొత్తది ఆ ముక్క లేకుండానే బ్రహ్మాండంగా నడుస్తుంది, కాబట్టి ఎవరూ అడగరు. మోటారు బాడీకి రెండు వేర్వేరు ఎర్త్ తీగలుండాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు చెబుతాయి, 2010లో వచ్చినవీ అంతే, 2023 నాటివీ అంతే. తనిఖీలో అవి లెక్కపెడతారు. ప్యానెల్ లోపలి ఈ లింకును లెక్కపెట్టేవాళ్లు అరుదు. మార్పిడి పూర్తయ్యాక సెకండరీ రెండు కొసలనూ ఎర్త్‌తో మీటర్ పెట్టి చూడాలి. ఒకవైపు సున్నా, రెండోవైపు 110 రావాలి. రెండువైపులా ఏదో అస్పష్టమైన అంకె వస్తే లింకు లేదన్నమాట.

రీవైండింగ్ మీద భిన్నాభిప్రాయాలున్నాయి. మన ఊళ్లలోని వైండింగ్ షాపుల నైపుణ్యం తక్కువది కాదు. కాలిన పెద్ద మోటార్లను రాత్రికి రాత్రి బతికించేది వాళ్లే. కానీ కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్‌లో చుట్ల లెక్క కంటే ప్రైమరీ–సెకండరీల మధ్య ఇన్సులేషన్ కీలకం. అది సరిగా లేకపోతే 415 వోల్టులు బటన్ డబ్బా దాకా వచ్చేస్తాయి. అంత ఎక్కువ వోల్టేజీ పెట్టి పరీక్షించే సౌకర్యం చిన్న షాపుల్లో సాధారణంగా ఉండదు. పైగా ఒకసారి బాగా కాలిన కోరులో రేకుల మధ్య పూత పోయి నష్టాలు పెరుగుతాయి. 250 వోల్ట్–యాంపియర్ల లోపు వాటికి కొత్తది కొనడమే నా సలహా. ఎక్కడా దొరకని ప్రత్యేక వోల్టేజీదైతే రీవైండ్ చేయించి, పరీక్ష చేయించాకే బిగించాలి.

పనిచేసే తీరు గురించి కొద్దిగా. మెయిన్ ఆపి తాళం వేయడం అందరికీ తెలుసు. పక్క ప్యానెల్ నుంచి ఇంటర్‌లాక్ ద్వారా వచ్చే కరెంటును మరచిపోతారు. మెయిన్ ఆపాక కూడా ప్రతి టెర్మినల్ మీటర్‌తో చూడాలి, ఆ మీటర్‌ను ముందూ తర్వాతా బతికున్న లైనుమీద సరిచూసుకోవాలి. కొత్తది బిగించేముందు 500 వోల్టుల మెగ్గర్‌తో రెండు వైండింగుల మధ్య, ఒక్కోటీ కోరుకూ మధ్య చూడాలి. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వందల మెగోములు చూపించాలి. మెగ్గర్ పెట్టేటప్పుడు ఎలక్ట్రానిక్ టైమర్లు విప్పి ఉండాలి. తర్వాత సెకండరీ ఫ్యూజు తీసి ప్రైమరీకి కరెంటిచ్చి ఖాళీ వోల్టేజీ కొలవాలి. ఫ్యూజు పెట్టేముందు ఆ స్థానంలో సిరీస్ బల్బు పెట్టి చూసే మన పాత పద్ధతి ఇక్కడ ఎంతో పనికొస్తుంది. స్టార్ట్ నొక్కకుండానే బల్బు పూర్తిగా వెలిగిందంటే ముందు ఎక్కడో షార్టుందని అర్థం, కొత్త ట్రాన్స్‌ఫార్మర్ బతికిపోయినట్టే.

110 మంచిదా, 230 మంచిదా, 24 మంచిదా అన్న చర్చలో దూరమే తీర్పు చెబుతుంది. పొడవాటి కన్వేయర్ల వెంట కంట్రోల్ కేబుల్ వందల మీటర్లు పోతుంది. కేబుల్ తీగల మధ్య కెపాసిటెన్స్ వల్ల స్టాప్ నొక్కాక కూడా కొంత కరెంటు కాయిల్‌కు అందుతూనే ఉంటుంది, చిన్న కాంటాక్టర్ పడకుండా పట్టుకునే ఉండొచ్చు. ఈ బాధ వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది. 110 మీద భరించగలిగిన దూరంలో 230 మీద నాలుగో వంతు కూడా భరించలేం. 24 ఏ.సి.లో ఆ బాధ ఉండదు గానీ కేబుల్‌లోనే వోల్టులు పడిపోతాయి. అందుకే ఫ్యాక్టరీల్లో 110 నిలిచింది. కొత్త ప్యానెళ్లలో 24 వోల్టుల డి.సి. సప్లై, ఎలక్ట్రానిక్ కాయిళ్లు వస్తున్నాయి. వీటికి గరగర లేదు, వోల్టేజీ పడిపోయినా తట్టుకుంటాయి. పిడుగులకూ సర్జ్‌లకూ మాత్రం ఇనుప ట్రాన్స్‌ఫార్మరే మొండిది. గండికోట నుంచి చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరుకు నీళ్లెత్తే స్థాయి హెచ్.టి. మోటార్లకు బ్రేకర్లు బ్యాటరీ డి.సి. మీద నడవడం ఆనవాయితీ. అక్కడ ఈ చర్చ చిన్న సహాయక మోటార్లకే పరిమితం.

పులివెందుల చీనీ, అరటి తోటల్లో పరిస్థితి పూర్తిగా వేరు. బోరు మోటారు స్టార్టర్ డబ్బాలో కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ అసలుండదు. 415 వోల్టుల కాయిల్ రెండు ఫేజుల మధ్యే ఉంటుంది. తడి చేతులతో, తడి కాళ్లతో రైతు నొక్కే బటన్ వెనక భూమికి 240 వోల్టులుంటాయి. అయినా ఒకే మోటారు, రెండు బటన్లు కాబట్టి ప్రమాణం దీన్ని ఒప్పుకుంటుంది. ఆ స్టార్టర్ తలుపు పోయి, బటన్లు విరిగి, కట్టెపుల్లతో నొక్కే స్థితికి వచ్చాక ఆ ఒప్పుదలకు అర్థం లేదు. డ్రిప్ ఫిల్టర్లూ, వాల్వులూ, ఫోనుతో నడిపే స్టార్టర్లూ చేరి తోట ప్యానెల్ చిన్న ఫ్యాక్టరీ ప్యానెల్‌గా మారుతున్న చోట 100 వోల్ట్–యాంపియర్ల ట్రాన్స్‌ఫార్మరు, 1 యాంపియర్ ఫ్యూజులు, ఒక ఎర్త్ లింకు కలపడం ఒక్క మోటారు రీవైండింగ్ కంటే తక్కువ ఖర్చుతో అయిపోతుంది. పులివెందుల జె.ఎన్.టి.యు. ఇంజినీరింగ్ కళాశాలా, ప్రొద్దుటూరులోని యోగి వేమన విశ్వవిద్యాలయ ఇంజినీరింగ్ కళాశాలా చుట్టూ ఉన్న తోటల్లో, షెడ్డుల్లో విద్యార్థులతో కొలతలు తీయించి, పల్లె ఫీడర్ల వోల్టేజీకి తగిన ట్యాపులూ సైజులూ తెలుగులో ఒక పట్టికగా అచ్చువేసి ఇవ్వొచ్చు. వైండింగ్ షాపు గోడమీద అంటించుకునేలా.